సామాన్ల గదిలో గంటసేపు

“ఎలాగూ ఇంట్లోనే ఉంటున్నావుగా, ఆ కిటికీ తెరలు కూడా ఓసారి ఉతికెయ్యరాదూ” అన్నాడు భర్త, భోజనం ముగించి చెయ్యి కడుక్కుంటూ.

ఆ మాట అన్న మనిషీ ఇంట్లోనే ఉంటున్నాడు. ఊరు ఊరంతా ఇళ్లలోనే ఉంటోంది. వీధి చివరి దుకాణానికి వెళ్లాలన్నా మూతికి గుడ్డ కట్టుకుని, పోలీసులకు సంజాయిషీ చెప్పుకుంటూ వెళ్లాల్సిన రోజులవి. అయినా ‘ఇంట్లో ఉండటం’ అన్నది ఆ ఇంట్లో ఒక్క మనిషికే అంటుకున్న మాట. ఆయన ఇంట్లో ఉంటే ఆఫీసు పని చేస్తున్నట్టు. కూతురు ఉంటే చదువుకుంటున్నట్టు. అత్తగారు ఉంటే పెద్దావిడ విశ్రాంతి తీసుకుంటున్నట్టు. ఆమె ఉంటే మాత్రం ఖాళీగా ఉన్నట్టు. రెండు చేతుల్లో నలుగురు తిన్న కంచాలతో నిలబడి ఆమె తెరల వంక చూసింది. మురికిగానే ఉన్నాయి, పాపం ఆయన అబద్ధమేమీ ఆడలేదు.

ఆమెను రైల్వే స్టేషన్‌లో అందరూ మైకమ్మ అంటారు. సామాన్లు మోసే కూలీలు పెట్టిన పేరది. పోగా పోగా స్టేషన్ మాస్టరుగారి నోటికీ అదే అలవాటైంది. మనమూ అలాగే అందాం. ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఎంత ఆలస్యంగా నడుస్తోందో, తప్పిపోయిన పిల్ల ఏ గదిలో కూర్చుని ఏడుస్తోందో చెప్పే గొంతు ఆమెది. మేడ మీద అద్దాల గదిలో కూర్చుని ఆమె ఒక్క మాట అంటే చాలు, కింద వెయ్యిమంది బెంచీల మీంచి లేచి, సంచులు భుజాన వేసుకుని, పిల్లల రెక్కలు పట్టుకుని ఒకేవైపు నడిచేవాళ్లు. ఎందుకని అడిగినవాడు లేడు. అదే గొంతుతో ఇంటికొచ్చి, “మీ కంచం మీరు తీసి సింకులో వేద్దురూ” అంటే ఒక్క మనిషి కదిలితే ఒట్టు. ఈ విచిత్రం గురించి మైకమ్మ చాలా ఏళ్లు ఆలోచించింది. అక్కడ మైకు ఉంటుంది, ఇక్కడ లేదు, అంతేలెమ్మని సరిపెట్టుకుంది.

లోకం మీదికి జబ్బు వచ్చింది, బళ్లు ఆగిపోయాయి. అద్దాల గదికి తాళం పడింది. ఈ ఉద్యోగం ఉన్నట్టా, ఊడినట్టా అని ఆమె కొట్టుమిట్టాడుతుండగా స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. ఇకమీదట మనిషి కూర్చుని చెప్పే పద్ధతి ఉండదట. ప్రకటనలన్నీ ముందే రికార్డు చేసి కంప్యూటరులో పెట్టేస్తారట. గొంతు ఎవరిదన్నదే తేలాలి. నెలాఖరులోగా ఇంటి దగ్గరే రికార్డు చేసి పంపగలిగితే ఆమె గొంతే ఉంటుంది, ఆ గది చూసుకునే ఉద్యోగమూ ఆమెదే. పంపలేకపోతే యంత్రం గొంతు ఒకటి ఎలాగూ సిద్ధంగా ఉందట. అవతలి మనిషి మాట పూర్తి కాకముందే మైకమ్మ ఒప్పేసుకుంది. ఒప్పుకున్నాక చుట్టూ చూసుకుంది.

పడగ్గది ఆయన ఆఫీసైంది. తలుపు మీద చేత్తో రాసిన కాగితం కూడా అంటించాడు, మీటింగులో ఉన్నాను అని. అది ఎప్పుడూ తీసిన పాపాన పోలేదు. హాలు కూతురి బడి. రెండో గదిలో అత్తగారు, అత్తగారి టీవీ. వంటగది మిగిలింది గానీ దానికి తలుపే లేదు. ఇహ మిగిలింది సామాన్ల గది. కిటికీ లేదు. ఊళ్లకు తీసుకెళ్లే పెట్టెలు, చలికాలం దుప్పట్లు, చుట్టాలొస్తే పరిచే పరుపులు అందులో కుక్కి ఉంటాయి. రికార్డింగులు సరిచేసే అమ్మాయి ఎక్కడో వేరే ఊళ్లో ఉండి ఫోనులోనే అన్నీ చెప్పేది. ఆ గది సంగతి వినగానే ఎగిరి గంతేసింది. “అదే కావాలి మేడమ్, దుప్పట్లు ఉంటే గొంతు గోడలకు కొట్టుకోదు” అంది. ఒక పెట్టె మీద కూర్చుని, ఇంకో పెట్టె మీద ఫోను నిలబెట్టి, నాలుగువైపులా దుప్పట్లు వేలాడదీసుకుని మైకమ్మ పని మొదలుపెట్టింది.

ఆ పని చూసేవాళ్లకు నవ్వొస్తుంది. వాక్యాలు చదవడం కాదు, ముక్కలు చదవడం. ‘ప్రయాణికులకు గమనిక’ ఒక ముక్క. ‘నుండి’ ఒకటి, ‘వరకు వెళ్లే’ ఒకటి. ఊళ్ల పేర్లు వేరే, అంకెలు వేరే. ‘మరికొద్దిసేపట్లో బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది’ మరొకటి. తర్వాత ఏ బండికి కావలసినట్టు ఆ బండికి కంప్యూటరు వీటిని అతుక్కుంటుంది. అతుకు వినబడకూడదంటే ప్రతి ముక్కా ఒకే ఎత్తులో, ఒకే వేగంతో, ఒకే మనసుతో పలకాలి. ఒకరోజు చిరాగ్గా ‘ఏడు’ అని, మర్నాడు దిగులుగా ‘నిమిషములు’ అంటే, రెండూ కలిపినప్పుడు ఇద్దరు తోటికోడళ్లు ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతున్నట్టు ఉంటుంది. వెనకాల చీమ చిటుక్కుమనకూడదు. ఫ్యానూ తిరగకూడదు.

అన్నిటికీ సర్దుకోవచ్చు గానీ, ఒకే మనసు ఎక్కణ్ణుంచి తెస్తుంది. పనిమనిషి రావడం మానేసింది. తెచ్చిన ప్రతి కాయనూ ఉప్పునీళ్లలో కడగాలి, తలుపుల గడియలు తుడవాలి, మూతి గుడ్డలు వేడినీళ్లలో నానబెట్టాలి. హోటళ్లు మూశారు గనక రోజూ ఏదో ఒకటి కొత్తగా చెయ్యొచ్చుగా అని ఆయన ముచ్చట. మా రోజుల్లో పదిమందికి చేసేవాళ్లం, ఇన్ని ఆపసోపాలు పడలేదమ్మా అని అత్తగారి దెప్పు. వీటి మధ్య సందు చూసుకుని సామాన్ల గదిలో దూరితే, ఇంకా ‘ఐదు’ అనకముందే పిలుపు. ఏమోయ్, నా చార్జరెక్కడ? అది ఆయన బల్ల సొరుగులోనే ఉంటుంది. అమ్మా, నెట్ రావట్లేదు. అది ఎవరికీ రావట్లేదు. అమ్మాయ్, ఈ మాత్ర పొద్దున వేసుకునేదా, సాయంత్రం వేసుకునేదా? ఆయన చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే ఆమెకు తేలిగ్గా ఉండేది, ఒక్కసారి గట్టిగా పోట్లాడి తేల్చుకునేది. కోప్పడడు, తిట్టడు, చెయ్యెత్తడు. పిలుస్తాడంతే. పిలవగానే ఆమె వెళ్తుంది. ఇరవయ్యేళ్లుగా ఆ ఇంట్లో గోడ మీద స్విచ్చు వేస్తే దీపం వెలిగినట్టు, ఆయన పిలిస్తే ఆమె వస్తోంది. దీపం ఏం చేస్తూ వెలిగిందని ఎవరడుగుతారు.

భయం మాత్రం అందరికీ సమానంగానే ఉంది. టీవీలో పొద్దస్తమానం అంకెలే. ఆమె ఆడపడుచు వేరే ఊళ్లో ఒంటరిగా ఉంటూ ఉద్యోగం చేస్తోంది. ఆ పిల్లకు జబ్బు సోకి, తగ్గింది కూడా. రోజూ సాయంత్రం ఫోను చేసి, “బాగానే ఉన్నానమ్మా” అంటుంది, ఆ వెంటే దగ్గుతుంది. ఆ దగ్గు విన్నాక అత్తగారికి తిండి సయించదు. వెళ్లి చూద్దామంటే బళ్లు లేవు, ఎప్పుడు నడుస్తాయో చెప్పే నాథుడు లేడు. గిన్నెలు తోముతూ మైకమ్మ కూడా అదే అనుకునేది, మళ్లీ ఆ అద్దాల గది తలుపు తీసే రోజంటూ ఉంటుందా అని. ఆలోచిస్తే కళ్లు తిరిగినట్టయ్యేది. అందుకని ఆలోచించకుండా గిన్నె ఇంకోసారి తోమేది.

అలా సందుల్లో, గొందుల్లో చదివిన ముక్కలన్నీ పోగేసి పంపింది. రెండ్రోజులకు రికార్డింగు అమ్మాయి ఫోను చేసింది. ఎప్పుడూ గలగలా మాట్లాడే పిల్ల, ఆ రోజు నసుగుతోంది.

“మేడమ్, ఏమీ అనుకోరుగా. మీరు పంపినవాటిలో నేనడగని మాట ఒకటి ఉంది. వినిపిస్తాను, ఉండండి.”

ఫోనులోంచి మైకమ్మకు తన గొంతే వినబడింది. ఎనిమిది. తొమ్మిది. ఆఁ, వస్తున్నా. పది.

ఆ మాట అన్నట్టే తెలియదు ఆమెకు. అలాంటివి ఇంకా చాలా ఉన్నాయంది ఆ పిల్ల. మొదట నవ్వొచ్చిందట, కోసి పక్కన పడేసిందట. మళ్లీ వచ్చిందట. ఊళ్ల పేర్ల మధ్య, ప్లాట్‌ఫారాల మధ్య, ఆలస్యానికి చింతిస్తున్నాం అన్నదాని తోకకు, అన్నిచోట్లా వస్తున్నా, వస్తున్నా, వస్తున్నా.

“చాలావాటిలో వెనకాల ఎవరో పిలుస్తున్నారు మేడమ్, చిన్నగా వినబడుతోంది. కానీ ఇప్పుడు వినిపించిన ఈ చివరిదాంట్లో ఎవరూ పిలవలేదు. సౌండు మొత్తం పెంచి విన్నాను. ఎవ్వరూ పిలవలేదు. మీరే పలికారు.”

ఆ అమ్మాయి ఇంకా ఏదో చెబుతోంది. హాస్టల్లో అందరూ వెళ్లిపోయారట, తనొక్కతే మిగిలిందట. వారాల తరబడి మనిషి గొంతన్నది లేకుండా ఉన్న తనకు, ఈ రికార్డింగుల వెనక కుక్కరు కూతలూ, అమ్మా అన్న పిలుపులూ వింటుంటే ప్రాణం లేచొచ్చేదట. అవన్నీ తీసెయ్యాలంటే మనసొప్పలేదట. “కానీ ఇవేవీ పనికిరావు మేడమ్. మొదట్నుంచీ చదవాలి. రోజూ ఒక్క గంట, కదలకుండా కూర్చునే గంట ఒకటి దొరికితే చాలు. పైవాళ్లు అప్పుడే యంత్రం గొంతు వినిపించమంటున్నారు. నేను ఇంకా పంపలేదు” అంది. ఆ పిల్ల అలా పంపకుండా ఆపి ఉంచిందన్న సంగతి మైకమ్మ జన్మలో మరిచిపోలేదు.

ఫోను పెట్టేసి, పెట్టె మీద కూర్చుండిపోయింది. ఆ చివరి ముక్కను మళ్లీ వింది. మిగతా అంకెలన్నీ పలికింది ఒకావిడ. నిదానం, నిబ్బరం, వెయ్యిమందిని నడిపించే గొంతు. మధ్యలో ఆ రెండు మాటలు పలికింది మాత్రం మరెవరో. ఏదో తప్పు చేస్తూ దొరికిపోయి, కొట్టకముందే చెంపలు కాచుకునే పిల్ల గొంతది. ఇరవయ్యేళ్లుగా తన ఇంట్లో మాట్లాడుతున్నది ఈ పిల్లేనా? పిలవకపోయినా పలకడం ఎప్పణ్ణుంచి మొదలైంది? జబ్బు సోకితే వాసన తెలియదట, రుచి తెలియదట. తనకేమో తన గొంతే తెలియకుండా పోయింది, ఏ జబ్బూ రాకుండానే. ఏడుపు ముంచుకొచ్చింది. ఏడ్చింది కూడా, దుప్పట్లు ఉన్నాయి గనక బయటికి వినబడలేదు. ఏడుస్తూనే ఒక చెవి బయటికి వేసి ఉంచింది, ఎవరైనా పిలుస్తారేమోనని. ఆ సంగతి గమనించుకున్నాక ఏడుపు ఆగిపోయి ఒళ్లు మండింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరికీ వడ్డించాక, తన కంచం ముందు కూర్చుని చెప్పింది. “రేపట్నుంచి భోజనాలయ్యాక ఒక గంట ఈ ఇంట్లో ఎవరూ నన్ను పిలవకూడదు. చప్పుడు కూడా చెయ్యకూడదు.”

ఆయన నవ్వాడు. “గంటా? నాలుగు ముక్కలు చదవడానికి గంటెందుకోయ్? అవతల నాకు మీటింగులు ఉంటాయి. ఇల్లంతా నోళ్లు కుట్టేసుకుని కూర్చోవాలా?”

ఆమె ఫోను తీసి నీళ్ల చెంబుకు ఆనించి, ఆ చివరి రికార్డింగు పెట్టింది. ఎనిమిది, తొమ్మిది, ఆఁ వస్తున్నా, పది. ఇంకోసారి పెట్టింది. “ఇందులో నన్ను ఎవరు పిలిచారో చెప్పండి” అంది.

కూతురు చెవి దగ్గర పెట్టుకుని వింది. “ఎవరూ పిలవలేదు కదమ్మా” అని, తల్లి మొహంలోకి చూసి తల దించుకుంది. ఆయన గొంతు సవరించుకుని, నువ్వు బాగా అలిసిపోయినట్టున్నావు, ఒక విటమిను మాత్ర వేసుకోరాదూ అన్నాడు. ఆ సమయంలో ఆ మనిషి నోటికి అదే అందింది, ఏం చేస్తాం.

అత్తగారు మాత్రం ముద్ద కంచంలోనే వదిలేసింది. కాసేపు ఫోను వంకే చూసింది. చూసి చూసి ఒక వింత ప్రశ్న వేసింది. “నా పిల్ల ఊరు వెళ్లే బండి ఉందా అమ్మాయ్ ఇందులో?”

“ఉంది అత్తయ్యా. ఇంకా చదవలేదు.”

“అయితే ఇవ్వరా దానికి గంట” అందావిడ కొడుకుతో. “ఆ బండి పేరు నీ చార్జరు కోసం ఆగిపోకూడదు.”

మైకమ్మ ముక్కున వేలేసుకుంది. పెళ్లయిన దగ్గర్నుంచి ఆవిడ తనవైపు మాట్లాడగా వినడం అదే మొదలు. తన మొహం చూసి మాట్లాడిందా, కూతురి మీద బెంగతో మాట్లాడిందా అన్నది తేలలేదు. ఏదైతేనేం, ఆ పూట ఆమెకు అన్నం రుచించింది.

అత్తగారంటే మాటలా, పని చేతికిస్తే చివరంటా చూసే మనిషి. మర్నాటి నుంచి భోజనాలు కాగానే సామాన్ల గది బయట కుర్చీ వేసుకుని కూర్చునేది. అంతకుముందే ఇల్లంతా ఒక చుట్టు చుట్టేది. టీవీ కట్టేసేది. కుళాయిలు గట్టిగా తిప్పి కట్టేసేది. మిగతా అందరి ఫోనులూ పట్టుకెళ్లి బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టేది. మీటింగు ఉందన్న కొడుకును, చెవుల్లో పెట్టుకునేవి పెట్టుకుని వినరా, మాట్లాడితే వాళ్లకేమైనా ఒరుగుతుందా అని కూర్చోబెట్టింది. పాపం ఆయన ఆ గంటలో మాట్లాడకుండానే మీటింగులు ముగించుకోవడం నేర్చుకున్నాడు, కంపెనీకి నష్టమేమీ రాలేదు. చార్జరు ఎక్కడుందో ఎవరినీ అడగలేక తనే సొరుగు తీశాడు. అందులోనే ఉంది. ఒకరోజు తుమ్మొచ్చి, ముక్కు పట్టుకుని, పిల్లిలా అడుగులేసుకుంటూ స్నానాలగదిలోకి పరిగెత్తి, తలుపేసుకుని తుమ్మాడు. అది చూసి మనవరాలూ నానమ్మా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చప్పుడు లేకుండా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుకున్నారు. మాట్లాడకుండా పనులు సాగాలి గనక కూతురు వచ్చి కంచాలు తీసింది, కడిగింది కూడా. చెప్పేవాళ్లు లేకపోతే చెయ్యవలసినవి కంటికి కనబడతాయి కాబోలు.

లోపల ఉక్కపోత. వీపంతా తడిసిపోయేది. అయినా ఆ గదిలో మైకమ్మ ప్రాణం కుదుటపడింది. మొదటి రెండ్రోజులూ చెవి బయటే ఉంది. ‘మూడు’ అని ఆగి, ఎవరైనా పిలుస్తారేమోనని వినేది. ఎవరూ పిలిచేవారు కాదు. అలా వినీ వినీ, ఒకరోజు వినడం మరిచిపోయింది. ఆ రోజు చదివిన ముక్కలన్నీ ఒకే మనసుతో వచ్చాయి. ఎక్కడో బతుకుతున్న ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే నోటితో తలుచుకుంటుంటే, ఏ ఊరూ ఎక్కడికీ పోలేదు, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి, మనుషుల కోసం చూస్తున్నాయి అనిపించేది. బళ్లన్నీ షెడ్లలో పడుకుని ఉన్నాయి. ఈ గదిలో మాత్రం రోజుకో డజను బయలుదేరుతున్నాయి. టీవీలో పెద్దపెద్దవాళ్లు చెప్పలేని మాట, పరుపుల మధ్య పెట్టె మీద కూర్చుని ఆమె చెబుతోంది, మరికొద్దిసేపట్లో బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నదని. అబద్ధం చెబుతున్నానని ఆమెకు ఒక్కసారీ అనిపించలేదు. రోజూ పొద్దున్నే లేచి మళ్లీ గడియలు తుడవడానికి, కాయలు కడగడానికి, దగ్గు వినబడితే అదిరిపడకుండా ఉండటానికి ఆ ఒక్క మాటే ఆమెకు ఆసరా అయింది. ఆ గంట ఇచ్చినందుకు ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక ఒకసారి దుప్పట్లకే పెట్టింది. హాస్టల్లో ఒంటరిగా కూర్చుని తన గొంతు కోసం ఆగిన పిల్లను తలుచుకుంది. బయట కుర్చీలో కూర్చున్న మనిషినీ తలుచుకుంది.

ఆ కుర్చీ మనిషి ఒకరోజు గంట అయిపోయాక తలుపు కొంచెం తోసి తొంగిచూసింది. మొహమాటంగా నిలబడింది. అత్తగారు కోడలి దగ్గర మొహమాటపడటం ఆ ఇంట్లో అదే తొలిసారి.

“అన్నీ ముక్కలు ముక్కలుగా చదువుతున్నావు, ఏదెక్కడికి వెళ్తుందో తెలిసి చావట్లేదు. పిల్ల ఊరి బండి ఒక్కసారి మొత్తం చెప్పవూ? స్టేషన్‌లో చెప్పినట్టు.”

మైకమ్మ వెన్ను నిలబెట్టి కూర్చుంది. ప్రయాణికులకు గమనిక అంది. తమ ఊరి పేరు చెప్పి ‘నుండి’ అంది, ఆడపడుచు ఊరి పేరు చెప్పి ‘వరకు వెళ్లే’ అంది. బండి నంబరు, ప్లాట్‌ఫారం నంబరు, ఏదీ తగ్గించకుండా మొత్తం చెప్పింది. పెద్దావిడ కళ్లు మూసుకుని వింది. ఆవిడ చెయ్యి తనకు తెలియకుండానే పక్కకు వెళ్లి, గోడకు ఆనించిన చిన్న పెట్టె పిడి పట్టుకుంది. కన్నీళ్లు చెంపల మీద జారుతుంటే తుడుచుకోలేదు.

“వస్తుందిలే” అందావిడ చివరికి. ఎవరితో అందో గానీ, ఆ సాయంత్రం కూతురు ఫోనులో దగ్గినా, మానకుండా రెండు ముద్దలు తింది. ఆ తర్వాత రోజూ గంట ముగిశాక ఆ బండి ఒకటి బయలుదేరడం ఆ ఇంట్లో ఆనవాయితీ అయింది.

నెలాఖరుకు ముందే ముక్కలన్నీ అయ్యాయి. రికార్డింగు అమ్మాయి ఫోను చేసి, పైవాళ్లు విని ఒప్పుకున్నారు మేడమ్, మీ గొంతే, మీ గదే అని అరిచినంత పనిచేసింది. ఎక్కడా అడగని మాట ఒక్కటీ లేదట. “ఆ పాతవి మాత్రం నేను దాచుకున్నాను, మీ ఇంటి చప్పుళ్లు ఉన్నవి. హాస్టల్ నిండేదాకా ఉంచుకుంటాను, సరేనా?” అంది. సరేనంది మైకమ్మ. నీ మేలు మరిచిపోనమ్మా అంది. ఒకటీ అరా బళ్లు వచ్చే వారం నుంచి నడుస్తాయని అదే రోజు టీవీలో చెప్పారు. ఎవరికీ ఏమీ చెప్పకుండా ఆ పూట వంట చేసింది.

మర్నాడు భోజనాలయ్యాయి. మైకమ్మ లేచి, చెయ్యి కడుక్కుని, ఎప్పటిలాగే సామాన్ల గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. బయట టీవీ కట్టిన చప్పుడు, బియ్యం డబ్బా మూత పడిన చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు వరసగా వినబడ్డాయి. తర్వాత నిశ్శబ్దం. ఆమె పెట్టె మీద కూర్చుంది. ఫోను తెరవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుంది. చదవవలసిందేమీ లేదు, కడగవలసిందేమీ లేదు. వెనక్కి వాలి పరుపుకు తల ఆనించింది. ఊపిరి లోపలికి పోవడం, బయటికి రావడం తెలుస్తోంది. ఆ రోజుల్లో ఊపిరి ఎంత పెద్ద విషయమో లోకానికంతా తెలుసు. నాకు ఆడుతోంది, మా ఇంట్లో నలుగురికీ ఆడుతోంది అనుకుంది. కడుపు నిండినట్టయింది.

కాసేపటికి బయట ఆయన గొంతు. గుసగుసగానే అడుగుతున్నాడు. “ఇంకా అవ్వలేదా అమ్మా? బళ్లు కూడా మొదలవుతున్నాయటగా. టీ తాగుదామని.”

“అవ్వలేదు” అంది అత్తగారు.

మైకమ్మ తల ఎత్తింది. తలుపుకు ఆనుకుని కూర్చునే మనిషి ఆవిడ. లోపల్నుంచి ఇవాళ ఒక్క ముక్కా వినబడలేదని ఆవిడకు తెలుసు. తెలిసే, అవ్వలేదంది. తన కోసం ఆవిడ అబద్ధమాడింది. ఆ అబద్ధంలో హాయిగా కూర్చోవచ్చు, రేపూ ఎల్లుండీ కూడా. కానీ అబద్ధం అయిపోయిన రోజున గంట కూడా అయిపోతుంది. లేచి తలుపు తీసింది.

“రికార్డింగు అయిపోయిందండీ. నిన్ననే ఒప్పుకున్నారు కూడా. గంట మాత్రం అయిపోలేదు.”

ఆయన తెల్లబోయాడు. “పని లేకపోతే లోపలేం చేస్తావు?”

“ఏమీ చెయ్యను” అంది మైకమ్మ. నిదానంగా అంది, కోపం లేదు. తర్వాత అత్తగారి చెయ్యి పట్టుకుంది. “మీరూ లోపలికి రండి అత్తయ్యా. బయట కాపలా అక్కర్లేదిక.”

పెద్దావిడ కొడుకు వంక చూసింది, కోడలి వంక చూసింది, లేచి లోపలికి వచ్చింది. తలుపు మూసుకుంది. ఇద్దరూ రెండు పెట్టెల మీద ఎదురెదురుగా కూర్చున్నారు, ప్లాట్‌ఫారం మీద బండి కోసం కూర్చున్నట్టు. తర్వాత అత్తగారు తన చేతుల వంక చూసుకుంటూ చెప్పింది.

“ఆ రోజు నీ ఫోనులో విన్నప్పుడు నా గొంతే అనుకున్నానమ్మాయ్. మీ మామయ్య పోయాక కూడా చాన్నాళ్లు అలాగే పలికాను. మంచం ఖాళీగా ఉండేది. నేను మాత్రం వంటగదిలోంచి, ఆఁ వస్తున్నా అనేదాన్ని. ఎవరైనా విన్నారేమోనని సిగ్గేసేది. ఎవరూ వినలేదు.”

మైకమ్మ ఆ చేతుల మీద తన చెయ్యి వేసింది. గంట తెచ్చిపెట్టింది కూతురి మీది బెంగ మాత్రమే కాదని అప్పటికి తెలిసింది.

అంతలో తలుపవతల ఆయన గొంతు, ఈసారి గుసగుస లేదు. “ఏమోయ్, అమ్మా, మరి టీ...”

“ఆఁ, వస్తు...” అని పెద్దావిడ లేవబోయింది. మైకమ్మ ఆవిడ చేతిని మెల్లగా నొక్కి కూర్చోబెట్టింది. వెన్ను నిలబెట్టుకుని, గొంతు సర్దుకుని, అద్దాల గదిలో కూర్చున్నట్టే చెప్పింది.

“ప్రయాణికులకు గమనిక. వంటగది నుండి సామాన్ల గది వరకు వెళ్లే టీ, మూడు కప్పులు, మరికొద్దిసేపట్లో బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది. మూడో కప్పు కాచినవారిది.”

అవతల అడుగుల చప్పుడు వంటగది వైపు నడిచింది. గిన్నె మూత ఒకటి కింద పడింది. పంచదార డబ్బా ఎక్కడని ఎవరూ అరవలేదు, అల్మరా తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. పొయ్యి వెలిగిన చప్పుడు విని అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం మొదలుపెట్టింది. మైకమ్మ నవ్వలేదు, వింటూ కూర్చుంది. ఇరవయ్యేళ్లకు ఆ ఇంట్లో ఒక మనిషి కదిలాడు, మైకు లేకుండానే.